సున్నా తీగ

"ఇప్పుడే బంద్ చేసినవ్ గదా మోటారు? నేను రాంగనే బంద్ చేసినవ్!"

చెవుల నుంచి హెడ్‌ఫోన్ లాగేసి, పక్క వాటా పురుషోత్తం అంజన్ ఉండే ముందుగది గుమ్మంలోకి దూసుకొచ్చాడు.

అంజన్ బిత్తరపోయాడు. దర్జీల కత్తెరలకు మోటారు మీద సాన పట్టి బతికేవాడు. ఫలక్‌నుమాలోని ఆ ఇంట్లో అద్దెకు దిగి ఇంకా మూణ్నెల్లు కూడా కాలేదు.

"నువ్వు ఆఫీసుకెల్లి వచ్చే టయిముకు రోజూ ఆపుతనే ఉన్న అన్నా. పట్టి చూడు, మోటారు సల్లగ ఉంది."

"మరి నా పెట్టెల గుయ్యిమని లొల్లి ఎక్కడిది? ఆకాశంకెల్లి వస్తుందా?"

"నాకేం ఎరుక అన్నా..."

"అబద్ధాలాడకు! దొంగ మొఖపోడా!"

వాకిట్లో నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లంతా తలలు తిప్పి చూశారు. అంజన్ తల దించుకున్నాడు.

పురుషోత్తం కోపానికి కారణం ఉంది. టీబీకి వేసిన సూదులతో తల్లి మాణిక్యమ్మ చెవులు పోయాయి. ఆసుపత్రిలో ఇచ్చిన మిషను ఆమెకు చాలలేదు. చిన్న మాటను కూడా పెద్దగా వినిపించే పెట్టె తానే చేస్తానని కొడుకు పంతం పట్టాడు. ఆఫీసు నుంచి రాగానే బల్ల ముందు కూర్చునేవాడు. మాటను పెంచే నల్లటి చిన్న ఐసీ చిప్పుకు ఒకవైపు ప్లస్ కరెంటు, ఒకవైపు మైనస్ కరెంటు, రెంటికీ నడుమ సున్నా తీగ. పుస్తకంలో ఉన్నట్టే కట్టాడు. అయినా హెడ్‌ఫోన్ పెడితే మాట వినబడదు, గుయ్యిమనే మోత తప్ప.

ఆ మోత అంజన్ మోటారుదేనని తేల్చేసుకున్నాడు. ఇంటి ఓనరు రామలింగం దగ్గరికి పోయి చెప్పాడు.

"ఆయనన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

నౌకరీ ఉన్న కిరాయిదారును పోగొట్టుకోవడం రామలింగానికి ఇష్టం లేకపోయింది. అంజన్‌నే ఖాళీ చేయమన్నాడు.

మర్నాడు అంజన్ తన మోటారును రిక్షాలో పెట్టుకున్నాడు. పోతూ పోతూ పురుషోత్తం గుమ్మం దగ్గర ఆగి లోపలికి చూశాడు. మాణిక్యమ్మ అటు తిరిగి బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది.

"ఇంకేం చూస్తున్నవ్? నడువ్!" అన్నాడు పురుషోత్తం.

అంజన్ రిక్షా ఎక్కాడు.

ఆ సాయంత్రం పురుషోత్తం ఉత్సాహంగా స్విచ్చి వేశాడు.

గుయ్యి!

ఆదివారం నాడు తన ఆఫీసు ఇంజనీరు విఠల్‌రావును బతిమాలి ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన పెట్టె మూత తీసి నవ్వాడు.

"ఇదేందయ్యా! మైకు సున్నా తీగ, పవర్ సున్నా తీగ, హెడ్‌ఫోన్ సున్నా తీగ... అన్నిటినీ గొలుసు లెక్క ఒకదానికొకటి తగిలిచ్చినవ్?"

"అన్నీ సున్నానే గద సార్?"

"పేరుకే సున్నా. పవర్ వైపు కరెంటు ఆ తీగ మీదికెల్లే పోతుంది. దాని మోతను గూడ ఐసీ మైకుల మాటే అనుకుంటుంది. వందింతలు పెంచి నీ చెవుల పోస్తుంది. ఏ తీగకు ఆ తీగ వేరే తెచ్చి, అన్నిటినీ ఒక్కకాడ్నే కలుపాలె."

"నడుమ నడుమ ఈల గూడ వస్తది సార్."

"ఎందుకు రాదు? ప్లస్సుకొకటి, మైనస్సుకొకటి బుడ్డ కెపాసిటర్లు ఏవి? ఐసీ కాళ్ల పక్కనే సున్నాకు కట్టాలె. అవి లేకుంటే ఐసీ తనంతల తానే కూస్తది."

పురుషోత్తం ముందుగది వైపు చూశాడు.

"బయట మోటారుతోటి గాదా సార్?"

"ఏ మోటారు? ఈ లొల్లంత నీ పెట్టెలదే."

ఆయన వెళ్లిపోయాక పురుషోత్తం తీగలన్నీ ఊడదీసి మళ్లీ అతికాడు. బుడ్డ కెపాసిటర్లు పెట్టాడు. స్విచ్చి వేస్తే మోత లేదు. పెట్టె చచ్చిపోయిందేమోనని భయపడ్డాడు. ఇంతలో తన ఊపిరి తనకే వినిపించింది.

సంతోషం రావాల్సిన చోట సిగ్గు వచ్చింది. వాకిట్లో అందరి ముందూ అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పెట్టెను అక్కడే వదిలేసి రామలింగం దగ్గరికి పరుగెత్తాడు.

"అంజన్ ఏడికి పోయిండే?"

"ఏమెరుక? నువ్వేమో ఎల్లగొట్టు ఎల్లగొట్టంటివి. నేను అడగనే లేదు."

చార్మినార్ దాకా దర్జీ దుకాణాలన్నీ తిరిగాడు. అందరిదీ ఒకటే మాట.

"ఇప్పుడు వస్తలేడు భాయ్."

కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చాడు. తల్లి ముందు కూర్చుని ఆమె చెవులకు హెడ్‌ఫోన్ పెట్టాడు. మైకు నోటి దగ్గర పట్టుకున్నాడు.

"అమ్మా."

మాణిక్యమ్మ ఉలిక్కిపడింది. కళ్లు పెద్దవి చేసి కొడుకు మొహం చూసింది.

"మల్లొక్కసారి అను."

"అమ్మా... ఇనబడుతుందా?"

"నీ గొంతు అచ్చం మీ బాపు గొంతైందిర బిడ్డా!" ఆమె కళ్ల నిండా నీళ్లు, మూతి నిండా నవ్వు. కొడుకు తల నిమిరింది. అంతలోనే గుమ్మం వైపు చూసింది. "అంజన్‌ను పిలువు. ఊరికి గిట్ల పోయిండా ఏంది, కనబడుతనే లేడు."

పురుషోత్తం మైకు మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆయనెందుకమ్మా?"

"నువ్వు ఆఫీసుకు పోయినంక రోజూ మోటారు ఆపి వచ్చి నా ముంగట కూసుంటుండె. మోటారు లొల్లిల తను పట్టినట్టే, పెదవులు చూసి మాట పట్టుడు నేర్పిస్తుండె. చెవులు పోయినంక నాతోటి కూసోని మాట్లాడినోడు ఆయనొక్కడే బిడ్డా, ఆయన గొంతు ఎట్లుంటదో ఒక్కసారి ఇనాలె."