ఉట్టి ఎక్కని గుడ్డు

ముందు కోడి కేక వినిపించింది. ఆ వెంటనే బిడ్డ ఏడుపు.

గుమ్మం బయట కూర్చున్న బుద్రి లేచింది. మనవడో మనవరాలో చూడడానికి లోపలికి పోలేదు. ఇంటి వెనక్కి పోయి, గంపలో ఇంకా వెచ్చగా ఉన్న గుడ్డును కొంగులోకి తీసుకుంది.

“ఆడగుంట!” అని లోపలి నుంచి ఎవరో అరిచారు.

బుద్రి నవ్వుకుంది.

డుంబ్రిగుడకు ఎగువన, కాఫీ తోటల అంచున ఉన్న ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. బిడ్డ పుట్టిన రోజున కోడి పెట్టిన గుడ్డును ఇరవై ఒక్క రోజులు దాచాలి. పేరు పెట్టేనాడు దాన్ని నీళ్ళలో వేస్తారు. మునిగితే మంచి గుడ్డు. దాచినవాళ్ళే పేరు పెట్టవచ్చు, ఆ ఇంట్లో పుట్టిన మనిషి పేరైతే చాలు. తేలితే చెడిన గుడ్డు. పేరు పెట్టే హక్కు దిసారిది, అంటే ఊరికి ముహూర్తాలు చెప్పే పెద్దమనిషిది. గుడ్డును పొయ్యి మీది ఉట్టిలో దాచడం అందరి అలవాటు. బుద్రి ఎరిగినంతలో ప్రతి గుడ్డూ తేలింది. ప్రతి పేరూ దిసారే పెట్టాడు.

కొడుకు కామేష్ అప్పుడే ఉట్టి దించి పట్టుకున్నాడు. “ఇలా ఇయ్యమ్మా, పెట్టేత్తాను.”

“ఇది ఉట్టి ఎక్కదు.”

“మరేటి సేత్తావు?”

బుద్రి పెద్ద కుండలో చిన్న కుండను దించింది. రెండింటి నడుమ ఇసుక పోసింది, ఇసుకను తడిపింది. గుడ్డును నీళ్ళతో కడగలేదు. సన్నటి కొన కిందికి వచ్చేలా చిన్న కుండలోని చోడి గింజల్లో నిలబెట్టి, మూత పెట్టి, పొయ్యికి దూరంగా, ఎండ సోకని మూలకు చేర్చింది.

బాలింత రత్న మంచం మీద నుంచి వింతగా చూసింది. “ఈ పని ఎవులు నేర్పారత్తా?”

“ఈ ఇంటి మనిసే. నేర్పిన రోజున నవ్వీసినాను. ఇనలేదు.”

రత్న కళ్ళు గోడ మీది మామగారి ఫోటో వైపు తిరిగాయి.

అవి వైశాఖపు ఎండలు. పొద్దున ఒక చెంబు, పొద్దుగూకే వేళ ఒక చెంబు. ఊటకు దిగింది, నీళ్ళు మోసింది, ఇసుక తడిపింది. ఒక్క పూట కూడా ఆరనివ్వలేదు.

“వరహాలరావు కొట్లో ఫ్రిజ్జుందమ్మా,” అన్నాడు కామేష్ జాలిపడి. “అడిగితే పెట్టుకోనిత్తాడు.”

“కూల్‌డ్రింకుల సందులో నా మనవరాలి పేరు పెడతావేట్రా?”

పదిహేనో రోజున దిసారి సుక్రు వచ్చాడు. బుద్రి భర్తకు వరసకు తమ్ముడు. మూత తీయబోతే ఆమె చేయి అడ్డుపెట్టింది.

“ఎందుకొదినా ఈ పంతం?” అన్నాడు. “తేలినా నాను పెట్టేది మా భీముడన్న పేరే కదా. భీమమ్మ! మాట మీద నిలబడ్డ మనిసి. లేసిపోయిన కూతురి ఊసు ఇంట్లో ఎత్తొద్దన్నాడు. పన్నెండేళ్ళు, సచ్చేదాకా, ఎత్తనిచ్చాడా?”

“లేదు.”

“అంతటోడి పేరు మునిగినా, తేలినా నిలబడాల. మునిగితే మాత్రం కామేష్ సేత సెప్పించు. మొగుడి పేరు ఆడది పలికితే ఊరికి అరిష్టం.”

“గుడ్డు దాసింది నాను. పలికేదీ నానే.”

ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. ఊట దగ్గర ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. కామేష్ బతిమాలాడు. “అమ్మా, అయ్య పేరు నువ్వు అనొద్దే. ఊరు నవ్వుద్ది.”

“నవ్వనీ.”

ఇరవై ఒకటో రోజు వచ్చింది. ఊరంతా వాకిట్లో చేరింది. ఇత్తడి గిన్నె నిండా నీళ్ళు. సుక్రు గుడ్డును వదిలాడు. అది జారింది, అడుగు తాకింది, ఒకసారి వణికింది. మెల్లగా దాని వెడల్పు కొన పైకి లేచింది.

“తేలతంది!” అని అరిచారెవరో.

“బాగా సూడండి,” అంది బుద్రి.

సన్నటి కొన అడుగును వదల్లేదు. గుడ్డు నిలబడింది, తేలలేదు. సుక్రు గిన్నె మీదికి వంగాడు, వంగినవాడు చాలాసేపు లేవలేదు.

“మునిగినట్టే,” అన్నాడు చివరికి. “బేగి సెప్పీ కామేషూ, నువ్వు సెప్పు.”

కామేష్ నోరు తెరిచాడు. బుద్రి చేయెత్తి వారించి, రత్న ఒడిలోని పసిదాన్ని తన చేతుల్లోకి తీసుకుంది.

“ఒద్దొదినా! ఆ పేరు నీ నోట రాకూడదు!”

“ఈ ఇంట్లో పుట్టిన మనిసి పేరైతే సాలు. అదే కదా కట్టుబాటు?”

“అదే, కానీ...”

బుద్రి ఎన్నడూ లేనిది, గుమ్మంలోంచి కనిపిస్తున్న భర్త ఫోటో వైపు తలెత్తి సూటిగా చూసింది. తరవాత లోయ కింది బస్సు రోడ్డు దాకా వినబడేలా గొంతెత్తింది.

“దీని మేనత్త పేరే... సోని!”