మంత్రిగారి కొత్త గాడిదలు

అడవిలో ఎండలు ముదిరాయి. సింహం గుహకి నీళ్లు మోయించే బాధ్యత నక్క మంత్రి మీద పడింది. నక్క ప్రతి కడవకీ ఒక కొత్త గాడిదను పిలిపించింది. కడవ దించిన గాడిదలన్నీ చెరువుగట్టున చేరి, నీళ్లు తాగుతూ కునుకు తీసేవి.

వారం తిరిగేసరికి చెరువు అడుగంటింది. తాబేలు పిల్లలు బురదలో విలవిల్లాడాయి.

"మంత్రిగారూ, ఖాళీగా ఉన్న గాడిదలకే మళ్లీ కడవలు ఎత్తండి. మూడు గాడిదలు వంతులేసుకుని మోస్తే చాలు కదా!" అని తల్లి తాబేలు మొరపెట్టుకుంది.

"పాత గాడిదలు మోస్తే రాజుగారి పరువేం కావాలి?" అని నక్క కసిరింది.

మర్నాడు గుహకి ఖాళీ కడవ వచ్చింది.

"నీళ్లేవీ?" అని సింహం గర్జించింది.

నక్క వంగి దండం పెట్టింది. "గాడిదలు చాలడం లేదు ప్రభూ! ఇంకో వంద కావాలి."

సింహం సరేనంది. తల్లి తాబేలు తన పిల్లల్ని వెంటబెట్టుకుని పక్క అడవికి బయలుదేరింది.