ఒక్క తెల్ల వరస

“మూడు వారాలు కూర్చుని అక్షరాలకి రంగులేశావా?” మేడం గొంతు లేవగానే ల్యాబులో ఉన్న నలుగురూ తలలు దించేసుకున్నారు. “రంగులే కావాలంటే గోడలకి సున్నం వేసేవాణ్ణే పిలిచేదాన్ని కదయ్యా!”

ఆ తిట్లు తింటున్నవాడు ఆవిడ దగ్గర పరిశోధన చేసే విద్యార్థి. అతని అసలు పేరు ల్యాబులో ఎప్పుడో మర్చిపోయారు. అందరికీ పెయింటరే. అతని ఎదురుగా ఉన్నది ఒక ప్రొటీన్ ఫైలు. పదకొండు వేల వరసలు, ఒక్కో పరమాణువుకి ఒక్కో వరస, వరస నిండా అంకెలు. ఆ ఫైలు ఇవ్వగానే లెక్కలు కట్టే ప్రోగ్రాం ‘తప్పుంది’ అని ఒక్క ముక్క అనేసి ఆగిపోతుంది. ఎక్కడుందో మాత్రం చెప్పదు. ఆరు నెలలుగా ఇదే తంతు. ఇంకో అరగంటలో అతని పని చూడ్డానికి కమిటీ కూర్చుంటుంది. పని కదల్లేదంటే అతని ఫెలోషిప్ ఈ నెలతో సరి.

“చీమల బారులా ఉంటే ఎలా చదవను మేడం?” అన్నాడు పెయింటరు బిక్కమొహం వేసుకుని. “ఇప్పుడు చూడండి. పరమాణువు పేరు నీలం, నంబరు పసుపు, ఎక్కడుందో చెప్పే అంకెలు గులాబీ. ఏ గడిలో ఏముండాలో, ఫైలు తెరిచి చూపించే ఎడిటర్‌కి ఒక్కో నియమంగా నేర్పించాను.”

మేడం విసుగ్గా కళ్ళద్దాలు పెట్టుకుంది. నల్లటి తెర మీద రంగుల వరసలు జరజరా జారుతుంటే ఆవిడ మొహం కాస్త మెత్తబడింది. నిజం చెప్పాలంటే బాగుంది కూడా. చూపించడానికి ఏమీ లేనిచోట ఇదన్నా ఉంది.

“సరే, ఇదే చూపిద్దాం. ఆగాగు! అదేంటి, మధ్యలో ఒకటి తెల్లగా?”

పెయింటరు తెర మీదకి వంగాడు. నాలుగు వేల చిల్లర వరసల తర్వాత ఒక్కటి, ఏ రంగూ అంటకుండా పాలిపోయి ఉంది.

“రంగుల థీమ్‌లో ఏదో లోపం మేడం.”

“అది తాతగారి కంట పడిందంటే మనిద్దర్నీ ఉతికి ఆరేస్తారు. దానికీ రంగు వెయ్. త్వరగా!”

తాతగారంటే కమిటీలో పెద్దాయన. ఎదురుగా అందరూ సార్ అంటారు, వెనకాల తాతగారంటారు.

పెయింటరు చెమటలు కక్కాడు. నీలం నియమం మార్చాడు, లొంగలేదు. పసుపు మార్చాడు, అదీ లొంగలేదు. ఇంకో ఐదు నిమిషాలున్నాయనగా ఒక ఉపాయం తట్టింది. ఏ నియమం కిందా రాని వరస కనిపిస్తే పై వరస రంగులే దానికీ పులిమెయ్యమని రాసేశాడు. తెల్ల వరస మాయమైంది. మూడు వారాల్లో మొదటిసారి మేడం “శభాష్” అంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

కమిటీ గదిలో గోడంతా రంగుల వరసలు మెరిసిపోయాయి. తాతగారు ముందుకి వంగి చాలాసేపు చూశారు.

“ముచ్చటగా ఉంది బాబూ. మా రోజుల్లో ఇలాంటిదుంటే నా కళ్ళు ఇంకో పదేళ్ళు పనికొచ్చేవి. ఈ ఒక్క పనికే నీకు ఇంకో ఏడాది ఇవ్వొచ్చు.”

పెయింటరు మేడం వైపు గర్వంగా చూశాడు.

“ఒక్క సంగతి చెప్పు,” అన్నారు తాతగారు. “ఇలాంటి ఫైళ్ళలో ఎక్కడో ఒక అంకె ఒక్క గడి పక్కకి జరిగితే చాలు, ప్రోగ్రాం ఆగిపోతుంది. మీ ఫైలు జబ్బు కూడా అదే అయ్యుంటుంది. అలా జరిగిన వరస ఇందులో ఎలా కనిపిస్తుంది?”

పెయింటరు ఉత్సాహంగా నోరు తెరిచాడు. అంతలో ఏదో తట్టి గోడ మీది వరసల్ని ఒకసారి వెతికాడు. మేడం వైపు తిరిగాడు. ఆవిడ నీళ్ళ సీసా మూతని ఎన్నడూ చూడనట్టు పరీక్షగా చూస్తోంది.

“పది నిమిషాల క్రితం దాకా తెల్లగా కనిపించేది సార్,” అన్నాడు.