పసుపురాజు బోడితల

పంజరంలో పసుపురాజు అనే కెనరీ పిట్ట, చుక్కమ్మ అనే ఫించ్ పిట్ట ఉండేవాళ్లు. పసుపురాజు గిన్నెలో పొద్దుతిరుగుడు గింజలే ఏరుకు తిని, కొర్రలన్నీ చుక్కమ్మ మీదకి తన్నేవాడు.

"గడ్డి తినే మొహమా, నేను గాయకుణ్ణి! నూనె తగలకపోతే నా గొంతు పలకదు."

"గొంతు సంగతేమో గానీ బావా, నీ పొట్ట కమ్మీకి ఆనుతోంది," అంది చుక్కమ్మ, పచ్చి కొర్రకంకి పీకుతూ.

ఈకలు రాలే కాలమొచ్చింది. చుక్కమ్మకి పాతవి రాలి కొత్తవి మొలిచాయి. పసుపురాజుకి రాలడమే గానీ మొలవడం లేదు. పాట కూడా ఆగిపోయింది. కిటికీ అవతల పిచ్చుకలు "ఒరేయ్, ఈకలు పీకిన కోడి!" అని ఒకటే గోల.

చివరికి పసుపురాజు మెంతాకు తింటున్న చుక్కమ్మ వైపు మెల్లగా జరిగాడు. "ఆ మెంతాకు ఇటు తొయ్యవే. తినడానికి కాదు, వాసన చూద్దామని."

"చూడు బావా. నమిలి మింగి మరీ చూడు."

కొర్రలు, మొలకెత్తిన పెసలు, అన్నీ రోజూ "వాసన చూశాడు". ఈకలొచ్చాయి, గొంతొచ్చింది. వెంటనే పిచ్చుకల ముందు ఛాతీ విరిచి, పొద్దుతిరుగుడు గింజ గొప్పతనం మీద పాటెత్తుకున్నాడు.

వెనక కూర్చున్న చుక్కమ్మ వాడి తల వెనక శనగబద్దంత బోడి ఇంకా మిగిలుండటం చూసింది.

"బావా, ఈ చరణం నావైపు తిరిగి పాడవా?" అంది ముద్దుగా.

పసుపురాజు గర్వంగా తిరిగాడు. కిటికీ అవతల మళ్లీ గోల మొదలైంది.