పంజరంలోంచి పిలుపు

తుప్పల్లోని కౌజుపిట్టల బడికి నెమలి పెద్ద. వేటగాడి పంజరంలోని కౌజు "రండ్రా, తేల్చుకుందాం!" అని కూసి పిల్లల్ని వలలోకి లాగుతోంది. అందుకని కౌజు పంతులు ఆ కూతను తరగతిలో ఒక్కచోటే నిలబడి కూసి చూపించాడు.

"పోట్లాటకు పిలిచేది తానెందుకు కదలదు పంతులుగారూ?" అని ఏడుగురు అడిగారు.

నెమలికి భయమేసింది. "ఇవన్నీ నేర్పితే పిల్లలు చెడిపోరూ?" అని పాఠం ఆపించి, ప్రశ్న అడిగిన ఏడుగురి మీద కాకిని కాపలా పెట్టింది.

మర్నాడు నిజంగానే ఆ కూత వినిపించింది. అడగని ఐదుగురు రోషంగా పరిగెత్తి వలలో పడ్డారు.

"నా ఏడుగురూ ఇక్కడే ఉన్నారు అమ్మగారూ!" అంది కాకి.

నెమలి ఖాళీ అయిన ఐదు చోట్లనూ చాలాసేపు చూసి, వచ్చి పిల్లల మధ్య కూర్చుంది. "పంతులుగారూ, అది తానెందుకు కదలదు?"

"ఎనిమిది" అంది కాకి, అలవాటుకొద్దీ.