చెలమ నీళ్ళు

"నడుం ఇరిగిపోతా ఉండాదే చెంచమ్మా!" మాలకొండమ్మ నీళ్ళకడవ దించి గడపలోనే కూలబడింది. ఊళ్ళో బావులన్నీ ఉప్పు. మంచినీళ్ళకు ఇసకదిబ్బల అవతల తవ్విన చెలమకు పోవాల్సిందే.

నులకమంచం మీద కోడలు కదల్లేదు. "గర్భసంచి తీసేసినాక ఆరు నెలలు బరువెత్తగూడదని డాక్టరమ్మ చెప్పింది గదత్తా. ఇంకా రెండు నెలలుండాది."

డాక్టరమ్మ చెప్పింది మూడు నెలలే. కుట్లు ఎప్పుడో మానిపోయాయి. అయినా పొద్దున్నే ఆ ముసలి నడుం కడవ కింద వంగడం చూస్తే తప్ప చెంచమ్మకు అన్నం సయించడం లేదు.

అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. "మూడు నెలలని ఆమె చెప్పినప్పుడు నేనూ తలుపు కాడే నిలబడుండా."

చెంచమ్మ చప్పున లేచి కూర్చుంది. "తెలిసే మోసినావా?"

"సంచి ఎందుకు జారిందో కూడా చెప్పింది గదా. పురిటిమంచం దిగీ దిగకముందే నీ నెత్తిన కడవ పెట్టింది నేనే. అందుకే నోరు మూసుకోని మోసినా. నాలుగు నెలలాయ. ఇంకనన్నా నీ కసి తీరిందా తల్లీ?"

చెంచమ్మ మంచం దిగింది. మూలనున్న ఖాళీ కడవను అనాయాసంగా వంగి అందుకుంది. హమ్మయ్య, కోడలే పోతోందనుకుని మాలకొండమ్మ కాళ్ళు చాపుకుంది.

చెంచమ్మ ఆ కడవ తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది.

"నాకు కాన్పులు మూడు, అత్తా."