రెండిళ్ల మధ్య బస్సు

"కథలు చెప్పి కూర్చోబెడదామని మాత్రం అనుకోకండమ్మా. పాప మధ్యలోనే లేచి వెళ్లిపోతుంది," అంది ఆయమ్మ, బంకమట్టి డబ్బా మూత ఊడదీస్తూ. "చేతికి పని చెప్పండి. మట్టి, రంగు కాగితాలు, ఖాళీ అట్టపెట్టెలు... చేతులు ఆడుతుంటే నోరు దానంతటదే ఆడుతుంది."

పాపతో గడపడానికి వచ్చిన ఆమె తలూపింది. ఆ గదిలో పెద్దవాళ్లు కూర్చునే కుర్చీ ఒక్కటీ లేదు. చాప మీద కూర్చోబోతే మోకాలు పట్టేసింది. గోడ ఆసరాతో ఎలాగో కిందికి దిగింది.

"మీకిదంతా అలవాటు లేదనుకుంటా!"

"మా పిల్లల్ని ఆడించింది మా అత్తగారే. నాకు ఎత్తుకోవడం కూడా సరిగ్గా చేతకాదనేది ఆవిడ."

"భలేవారే! ఇదేమన్నా బ్రహ్మవిద్యా? నేను గుమ్మం బయటే ఉంటా. అవసరమైతే కేకెయ్యండి."

ఆయమ్మ తలుపు ఓరగా వేసి వెళ్లింది. గదిలో ఆమె, కిటికీ దగ్గర ఐదేళ్ల పాప మిగిలారు. పాపను ఇంట్లో పిచ్చుక అంటారట. పిచ్చుక ముందు మెరుపు కాగితం చుట్టిన బహుమతి పెట్టెలు రెండున్నాయి, ఒకదాన్ని మించి ఇంకొకటి. రెండింటి రిబ్బన్లూ వేసిన ముడి వేసినట్టే ఉన్నాయి.

"నువ్వు కొత్త ఆయమ్మవా?"

"ఈ పూటకి అలాగే అనుకో."

"నీకేం ఆటలొచ్చు?"

ఆమె ఒక రంగు కాగితం అందుకుంది. "కాగితం పడవ చేస్తా."

సగం చేశాక తర్వాతి మడత మరిచిపోయింది. తిప్పి మడిచింది, మడిచి తిప్పింది. చివరికి తయారైనదాన్ని పిచ్చుక అందుకుని నాలుగు వైపులా చూసింది.

"ఇది పడవ కాదు. చీమకి టోపీ."

"పడవే. మునిగిపోయిందిలే, వదిలెయ్."

పిచ్చుక ఫక్కున నవ్వింది. చాప మీద జరుగుతూ జరుగుతూ ఆమె మోకాలి దాకా వచ్చింది. ఆ ధైర్యంతో ఆమె అడిగింది: "ఆ పెట్టెల్లో ఏమున్నాయి?"

నవ్వు ఆగిపోయింది.

"అది అమ్మ ఇచ్చింది. ఇది నాన్న ఇచ్చాడు."

"విప్పి చూద్దామా?"

"వద్దు. అమ్మది ముందు విప్పితే నాన్న మొహం ఇలా అయిపోతుంది." పిచ్చుక రెండు చేతులతో చెంపలు కిందికి లాగి చూపించింది. "నాన్నది ముందు విప్పితే అమ్మకి తలనొప్పి వస్తుంది."

"వాళ్లిప్పుడు ఇక్కడ లేరుగా?"

"పైన మీటింగులో ఉన్నారు. వచ్చాక ఇద్దరూ అడుగుతారు."

ఆమె మెరుపు పెట్టెలు రెండింటినీ అటు తిప్పి గోడ వారగా నెట్టేసింది. మూలనున్న ఖాళీ అట్టపెట్టెలు లాక్కొచ్చి, కత్తెర తీసి వాటికి తలుపులూ కిటికీలూ కోయసాగింది. ఈసారి చెయ్యి బాగానే తిరిగింది. పిచ్చుక ఒక పెట్టెకి పసుపు రంగు, రెండోదానికి నీలం పూసింది. పూసినంత సేపూ ఏదో కూనిరాగం తీసింది. తర్వాత మట్టితో ఒక అమ్మను చేసి పసుపింట్లో పెట్టింది. నాన్నకి మీసం అంటించి నీలమింట్లో పెట్టింది. నీలమిల్లు ఎత్తుకెళ్లి గదికి ఆ చివర దించొచ్చింది.

"మరి పిచ్చుకేది?"

"చేస్తున్నాగా!"

పిచ్చుక చేసింది బొమ్మ కాదు, బస్సు. అందులో మట్టి ఉండ ఒకటి కూర్చోబెట్టి, పసుపింటి నుంచి నీలమింటికీ, నీలమింటి నుంచి పసుపింటికీ చాప అంచు వెంట నడిపించింది.

"పిచ్చుక బస్సులోనే ఉంటుందా? అలిసిపోదూ?"

"అలిసిపోతుంది. కానీ బస్సులో ఎవరూ అడగరు."

"ఏమని?"

"ఎవరంటే ఎక్కువ ఇష్టం అని."

ఆమె అడగాలని వచ్చిందీ అదే మాట. బస్సుకి ఒక చక్రం ఊడింది. ఆమె చిన్న ముద్ద తీసుకుని చాలా సేపు దాన్ని అతికిస్తూ ఉండిపోయింది.

"పోనీ, బస్సు ఆగాలంటే ఏం చెయ్యాలంటావు?" అంది చివరికి.

ఈ ప్రశ్న పిచ్చుకకి నచ్చింది. లేచి వెళ్లి నీలమింటిని రెండు చేతులా పట్టుకుని, చప్పుడు చేసుకుంటూ చాప మీదుగా ఈడ్చుకొచ్చింది. పసుపింటికి జానెడు దూరంలో ఆపింది.

"ఇంకాస్త జరిపి రెండూ కలిపేద్దామా?"

"అమ్మో, కలిపితే పోట్లాడుకుంటారు!" పిచ్చుక కళ్లు పెద్దవి చేసింది. "ఇలా పక్కపక్కన చాలు. అప్పుడు నేనే నడిచి వెళ్తా."

బస్సులోంచి మట్టి ఉండను తీసి, దానికి రెండు కాళ్లు పెట్టింది.

తలుపు మెల్లగా తెరుచుకుంది. "వేళయిందమ్మా," అంది ఆయమ్మ.

ఆమె గోడ పట్టుకుని లేచింది. పిచ్చుక తలెత్తి చూసి, పెద్దరికంగా తీర్పు చెప్పింది: "నీకు ఆడించడం సరిగ్గా రాదు. కానీ నేర్చుకుంటావులే."

"నేర్చుకుంటా."

గుమ్మం బయట ఆయమ్మ గొంతు తగ్గించి అడిగింది: "ఏమన్నా చెప్పిందా అమ్మా?"

"నేను అడగకుండానే అంతా చెప్పింది."

ఆమె నడవా చివర కుళాయి దగ్గర చేతులకంటిన మట్టి కడుక్కుంది. ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వెళ్లింది. వెనక తలుపు ముందు నిలబడి, ఊపిరి పీల్చుకుని, లోపలికి అడుగు పెట్టింది.

కోర్టంతా లేచి నిలబడింది.